అమీర్‌పేట్‌లో 8 వారాల గ్రామర్ క్లాస్: ఇఫ్, వుడ్, వర్ కోసం చేరినదాని రివ్యూ

ముందే చెప్పేస్తా, 5కి 4 స్టార్లు ఇస్తున్నా, ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాస్తా. సెంటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నచ్చనివి కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నా, ఇద్దరు సార్లు కలిసి నడుపుకునే చిన్న సెంటర్ అది, పేరు పెట్టి వాళ్ళ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఇలాంటివి గల్లీకి నాలుగు ఉంటాయి, మీరు ఎందులో చేరినా ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా. ఫీజు 5,500, సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం 7 నుంచి 8:15 వరకు, మొత్తం 8 వారాలు. నేను వెళ్ళింది మొత్తం గ్రామర్ కోసం కాదు, ఒక్క విషయం కోసం. ఇఫ్ వాక్యాలు. వుడ్, వుడ్ హావ్, వర్, అక్కడే నేను పదేళ్ళుగా ఆగిపోయా.

నేను మెడికల్ బిల్లింగ్‌లో చేస్తా, అమెరికా హాస్పిటల్స్ క్లెయిములు ఇన్సూరెన్స్ వాళ్ళకి పంపడం, రిజెక్ట్ అయితే మళ్ళీ అప్పీల్ చేయడం, అదీ పని. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మెయిల్స్ రాయడం వచ్చు, కాల్‌లో మాట్లాడటం కూడా అలవాటైంది, కానీ ఒకసారి ఒక క్లయింట్‌కి "మీరు రిపోర్ట్ పంపి ఉంటే శుక్రవారమే అయిపోయేది" అని చెప్పబోయి "ఇఫ్ యు విల్ సెండ్ ద రిపోర్ట్, ఐ విల్ కంప్లీట్ ఆన్ ఫ్రైడే" అని రాశా. వాళ్ళు దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకున్నారు. గురువారం రాత్రి రిపోర్ట్ పంపి, శుక్రవారం అంతా ఎదురుచూసి, సోమవారం మా మేనేజర్‌కి కంప్లైంట్ పెట్టారు. నేను అన్నది అయిపోయిన శుక్రవారం గురించి, వాళ్ళు చదివింది రాబోయే శుక్రవారం గురించి. అందులో స్పెల్లింగ్ తప్పు ఒక్కటి లేదు, గ్రామర్ చెక్ చేసే సాఫ్ట్‌వేర్ కూడా పట్టుకోలేదు. ఆ సంవత్సరం అప్రైజల్‌లో ఆ మెయిల్ నా ముందు పెట్టారు. చాలా బాధేసింది, ఎందుకంటే తెలుగులో అయితే నేను ఈ తప్పు ఒక్కసారి కూడా చేయను, "పంపితే చేస్తా"కీ "పంపి ఉంటే చేసేదాన్ని"కీ తేడా మా చిన్నోడికి కూడా తెలుసు, వాడికి 5 ఏళ్ళు.

సరిగ్గా ఇదే మాట మీద క్లాస్ మొదలైంది, అందుకే నాకు ఆ సెంటర్ మీద అంత గౌరవం. కండిషనల్స్, అంటే ఈ ఇఫ్ వాక్యాలే, మొదలుపెట్టిన రోజు సర్ (రిటైర్డ్ గవర్నమెంట్ స్కూల్ టీచర్, తెనాలి వైపు యాస) బోర్డు మీద ఇంగ్లీష్ ఒక్క ముక్క రాయలేదు. మూడు తెలుగు వాక్యాలు రాశారు. "డబ్బుంటే ఇల్లు కొంటా." "డబ్బుంటే ఇల్లు కొనేదాన్ని." "అప్పట్లో డబ్బు ఉండి ఉంటే ఇల్లు కొనేదాన్ని." రాసి, మొదటి వరసలో కూర్చున్న నన్నే లేపి "ఏమ్మా, ఈ మూడూ ముగ్గురు ఆడవాళ్ళు అన్నారనుకో, ఇళ్ళ బ్రోకర్ ఎవరి ఫోన్ నంబర్ తీసుకుంటాడు?" అని అడిగారు. మొదటావిడది సర్ అన్నా. "ఎందుకు?" ఆవిడ కొనే అవకాశం ఉంది కాబట్టి. రెండో ఆవిడ దగ్గర ఇప్పుడు డబ్బు లేదు. మూడో ఆవిడకి అప్పుడు లేదు, ఆ సంగతి అక్కడితో అయిపోయింది. "మరి ఇదంతా నీకు ఎవరు నేర్పారమ్మా? ఎవరూ నేర్పలా. ఉగ్గుపాలతో వచ్చేసింది. ఈ తేడాని ఇంగ్లీష్ వాడు వాక్యంలో ఎక్కడ దాచుకుంటాడో చూపిస్తా, అంతవరకే నా పని" అన్నారు.

ఆ తర్వాతే ఇంగ్లీష్ రాశారు. "ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై ఎ హౌస్." "ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్." "ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఎ హౌస్." ఆ మూడో దాంట్లో హాడ్ పక్కన హాడ్ చూసి క్లాస్‌లో సగం మంది సర్ రెండుసార్లు రాశారు అన్నారు. కాదు, అది అంతే. మొదటి హాడ్ సహాయక్రియ, రెండోది అసలు క్రియ, మన "ఉండి ఉంటే"లో ఉండు రెండుసార్లు రాలేదా, అలాగే అన్నమాట.

నాకు ఎప్పుడూ అర్థం కానిది రెండో వాక్యం. డబ్బు లేనిది ఇప్పుడు కదా, మరి హాడ్ అని పాస్ట్ టెన్స్ ఎందుకు? ఏ టీచర్ని అడిగినా "అది రూల్, బట్టీ పట్టు" అన్నారు. ఈ సర్ ఏం చేశారంటే మమ్మల్ని "చిన్నప్పుడు మీరు రోజూ ఏం చేసేవాళ్ళు, చెప్పండి" అని అడిగారు. ఒక్కొక్కరూ చెప్పారు. చెరువులో ఈత కొట్టేవాణ్ణి సర్. అమ్మమ్మ ఇంటికి వెళ్ళేదాన్ని సర్. రూపాయికి నాలుగు జీళ్ళు కొనేదాన్ని సర్. అక్కడ ఆపి, "కొనేదాన్ని. మళ్ళీ చెప్పమ్మా ఆ మాట" అన్నారు. జీళ్ళు "కొనేదాన్ని" అన్నది గతంలో అలవాటు, నిజంగా జరిగింది. డబ్బుంటే ఇల్లు "కొనేదాన్ని" అన్నది అసలు జరగనిది. రెండిటికీ ఒకటే రూపం! జరగని మాట చెప్పడానికి గతం రూపం వాడటం ఇంగ్లీష్ వాడి పిచ్చి అనుకున్నా ఇన్నాళ్ళూ, మనమూ అదే చేస్తున్నాం, పైగా వుడ్ కూడా అచ్చం అంతే, "ఎవ్రీ సమ్మర్ వి వుడ్ గో టు అవర్ విలేజ్" అంటే ప్రతి వేసవికీ మా ఊరు వెళ్ళేవాళ్ళం అని అలవాటు, "ఇఫ్ వి హాడ్ లీవ్, వి వుడ్ గో" అంటే సెలవుంటే వెళ్ళేవాళ్ళం అని ఊహ. "గతం అంటే కాలంలో దూరం. ఊహ అంటే నిజానికి దూరం. రెండూ దూరమే కాబట్టి మాటా ఒకటే వాడుకున్నారమ్మా, వాళ్ళూ మనమూ" అన్నారు సర్. నాకు 34 ఏళ్ళు, ఇన్నేళ్ళలో ఒక గ్రామర్ క్లాస్‌లో ఒళ్ళు జలదరించడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి మా ఆయనకి పప్పు వడ్డిస్తూ అదంతా మళ్ళీ చెప్పా.

తెలుగు గ్రామర్ కూడా లాగారు మధ్యలో. స్కూల్లో చదివాం కదా, చేదర్థకం, అప్యర్థకం అని. నేను వాటిని పరీక్షకి రాసి మర్చిపోయా. సంస్కృతంలో "చేత్" అంటే "అయితే" అని అర్థం, అందుకే వస్తే, చేస్తే, తింటే లాంటివి చేదర్థకం. "అపి" అంటే "కూడా", అందుకే వచ్చినా, చేసినా అనేవి అప్యర్థకం. ఇంగ్లీష్‌లో మొదటిది ఇఫ్, రెండోది ఈవెన్ ఇఫ్. "వర్షం పడితే రాను, వర్షం పడినా వస్తా." ఇంత సులువుగా ఉంటే ఇన్నేళ్ళూ ఈవెన్ ఇఫ్ వాడటానికి ఎందుకు భయపడ్డానో తెలీదు. మన "తే"తో ఒక జాగ్రత్త మాత్రం చెప్పారు, అది చాలా విలువైనది. "అమ్మ వస్తే చెప్తా" అన్నప్పుడు అమ్మ వస్తుందో రాదో తెలియకపోయినా "వస్తే" అంటాం, సాయంత్రం ఖచ్చితంగా వస్తుందని తెలిసినా "వస్తే" అంటాం. ఇంగ్లీష్‌లో రెండో సందర్భంలో వెన్ అనాలి, ఇఫ్ అంటే అమ్మ రాకపోవచ్చు అని వినబడుతుంది. నేను మా టీమ్ లీడ్‌తో "ఇఫ్ యు కమ్ టుమారో" అని ఎన్నిసార్లు అన్నానో, ఆవిడ రోజూ వచ్చే మనిషి.

జీరో కండిషనల్‌కి, అంటే ఎప్పుడూ నిజమయ్యే మాటలకి, అరగంట పెట్టారు, చాలు. పాలు మరిగితే పొంగుతాయి, రెండు వైపులా ప్రెజెంట్ టెన్స్, అంతే. మిక్స్‌డ్ కండిషనల్ మాత్రం ఇంకొంచెం చెప్పి ఉంటే బాగుండేది. "చిన్నప్పుడు ఇంగ్లీష్ మీడియంలో చదివి ఉంటే ఇప్పుడు ఇబ్బంది పడేదాన్ని కాదు", కారణం అప్పటిది, ఫలితం ఇప్పటిది, కాబట్టి "ఇఫ్ ఐ హాడ్ స్టడీడ్... ఐ వుడింట్ బి స్ట్రగ్లింగ్ నౌ." పైన రాసిన మూడు ఇల్లు వాక్యాల రకాలనీ ఫస్ట్, సెకండ్, థర్డ్ అని మూడు డబ్బాలుగా బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడ ఇరుక్కుపోతారు, అర్థం పట్టుకున్నవాళ్ళకి ఇబ్బంది లేదు. సర్ అదే అన్నారు, కానీ ఒక ఉదాహరణతో వదిలేశారు.

ఇక తప్పుల సంగతి. మన తెలుగువాళ్ళం చేసే తప్పులు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నారాయన, సర్వీసులో ఉన్నప్పటి నుంచి. అన్‌లెస్ పక్కన డోంట్ పెట్టడం అందులో మొదటిది. "డబ్బు కట్టకపోతే కనెక్షన్ తీసేస్తారు" అనే వాక్యం మనసులో ఉంటుంది, ఆ "కట్టక" ఉంది కదా అని "అన్‌లెస్ యు డోంట్ పే" అనేస్తాం. అన్‌లెస్‌లోనే ఆ లేకపోవడం ఉంది, మన "కడితే తప్ప" లాగా. "కట్టకపోతే తప్ప" అంటామా? అనం. రెండోది విష్. "ఐ విష్ యు విల్ కమ్" అని పెళ్ళి పత్రికల మెసేజ్‌ల దాకా కనబడుతుంది, అక్కడ కావాల్సింది హోప్. విష్ తర్వాత పూర్తి వాక్యం వస్తే అది నిజం కానిది: "ఐ విష్ ఐ న్యూ తమిళ్", నాకు తమిళం వస్తే ఎంత బాగుండేది, అంటే రాదు అని. మూడోది నాది, ఇఫ్ పక్కన విల్. దీని మీద మాత్రం సర్ ఒక మాట అదనంగా చెప్పారు, ఎక్కడా వినలేదు ఇంతకుముందు: ఇఫ్ పక్కన విల్ అసలు రాదు అనేది పూర్తి నిజం కాదట, మర్యాదగా అడిగేటప్పుడు వస్తుంది. మా బ్యాచ్‌లో ఒక నర్స్ చెల్లి ఉంది, తనకి అది బాగా పనికొచ్చింది. "ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ద డాక్టర్" అంటే "మీరు కాస్త ఇక్కడ ఉంటానంటే డాక్టర్‌ని పిలుస్తా" అని, అక్కడ విల్ అంటే భవిష్యత్తు కాదు, ఒప్పుకోవడం.

సబ్‌జంక్టివ్ దగ్గరికి వద్దాం, అంటే జరిగింది కాకుండా జరగాలని కోరుకునేది చెప్పే క్రియ రూపం. క్లాస్‌లో అన్నిటికన్నా అందంగా మొదలైందీ ఇదే, అన్నిటికన్నా ఎక్కువ హడావుడిగా ముగిసిందీ ఇదే. రెండంటే రెండు రోజులు ఇచ్చారు.

మొదటి రోజు సర్ "గాడ్ సేవ్ ద కింగ్" అని రాసి (2022 సెప్టెంబర్ దాకా క్వీన్, రాణి ఎలిజబెత్ పోయాక కింగ్) "గాడ్ ఒక్కడే కదా, సేవ్స్ అనాలి కదా, ఎస్ ఏదీ?" అని అడిగారు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ నర్స్ చెల్లి మాత్రం మెల్లగా "సర్, మేం ప్రార్థనలో దై కింగ్‌డమ్ కమ్ అంటాం, కమ్స్ అనం, ఇదీ అదేనా?" అంది. సర్ మొహం వెలిగిపోయింది. "తెలుగులో ఏమంటారమ్మా మీరు?" నీ రాజ్యము వచ్చు గాక. "ఆ గాక ఉందే, అదే ఇది!" అని బోర్డు అంతా రాసేశారు. రక్షించు గాక, వర్ధిల్లు గాక, వచ్చు గాక. స్కూల్లో ఆశీరర్థక వాక్యాలు అని చదివినవే. జరిగిందని చెప్పట్లేదు, జరుగుతుందని కూడా చెప్పట్లేదు, జరగాలని కోరుకుంటున్నాం. వార్త కాదు, కోరిక. ఆ తేడా కోసం ఇంగ్లీష్ వాడు ఎస్ తీసేసి మామూలు క్రియ ఉంచుతాడు. "లాంగ్ లివ్", "బ్లెస్ యు", "సో బీ ఇట్" అన్నీ ఆ పాత రూపం మిగిల్చిన ముక్కలే. సో బీ ఇట్ అంటే ఏంటి సర్ అని వెనక నుంచి ఎవరో అడిగితే "తథాస్తు" అన్నారు. ఒక్క మాట. ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండో రోజు ఆఫీసుల్లో వాడే రకం. సజెస్ట్, డిమాండ్, రిక్వెస్ట్, ఇన్సిస్ట్, రికమెండ్ లాంటి మాటల తర్వాత దట్ వస్తే, ఆ తర్వాత క్రియకి ఎస్ ఉండదు, ఈజ్ బదులు బీ వస్తుంది. "ద డాక్టర్ రికమెండెడ్ దట్ షి టేక్ రెస్ట్." "ఐ సజెస్ట్ దట్ హి నాట్ బి డిస్టర్బ్‌డ్." ఇక్కడ నాకు గుండె ఝల్లుమంది, ఎందుకంటే మా ఆఫీసులో అప్పీల్ లెటర్ టెంప్లేట్‌లో "వి రిక్వెస్ట్ దట్ ద క్లెయిమ్ బి రీప్రాసెస్డ్" అని ఉంటుంది, అది టైపింగ్ తప్పు అనుకుని బీ తీసేసి ఈజ్ పెట్టి పంపేదాన్ని నేను. ఈజ్ పెడితే అర్థమే పోతుంది. అది అడగడం అవ్వదు, క్లెయిమ్ రీప్రాసెస్ అవుతోందని చెప్పడం అవుతుంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి టెంప్లేట్ సరి చేసుకున్నా.

సర్ ఇచ్చిన ఒక జంట వాక్యాలు రాస్తా, ఇవి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సబ్‌జంక్టివ్ ఎందుకు కావాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. "షి ఇన్సిస్టెడ్ దట్ హి లీవ్." "షి ఇన్సిస్టెడ్ దట్ హి లెఫ్ట్." మొదటిది, అతను వెళ్ళాలని పట్టుబట్టింది. రెండోది, అతను వెళ్ళాడని గట్టిగా చెప్పింది. మొదటి దాంట్లో అతను ఇంకా గుమ్మంలోనే ఉండొచ్చు.

ఇది సర్ చెప్పలేదు, మెట్రోలో మియాపూర్ వైపు వెళ్తూ నాకే తట్టింది, తప్పయితే తెలిసినవాళ్ళు సరిచేయండి. మన క్రియలు మనిషిని బట్టి మారతాయి కదా, వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది. కానీ "వెళ్ళాలి" మారదు. నేను వెళ్ళాలి, నువ్వు వెళ్ళాలి, వాడు వెళ్ళాలి, ఆవిడ వెళ్ళాలి. అచ్చం ఇంగ్లీష్ సబ్‌జంక్టివ్‌లాగే, ఐ గో, యు గో, దట్ హి గో. "వెళ్ళాలని" అని తెలుగులో అనిపిస్తే అక్కడ ఎస్ పెట్టను, "వెళ్తాడని", "వెళ్ళాడని" అనిపిస్తే మామూలు టెన్స్ పెడతా. మూడు నెలలుగా ఇదే లెక్కతో రాస్తున్నా, ఇంతవరకు తప్పు పోలేదు. మర్నాడు సర్‌కి చెబితే నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. ఆయన వయసుకీ అనుభవానికీ ఒక స్టూడెంట్ చెప్పింది రాసుకోవడం చూసి నాకు మాట రాలేదు.

దీంట్లో అమెరికా, బ్రిటన్ తేడా కూడా ఉంది. అమెరికా వాళ్ళు ఈ బీ, టేక్ రూపం ఎక్కువ వాడతారు. బ్రిటిష్ వాళ్ళు చాలాసార్లు షుడ్ చేర్చి "దట్ షి షుడ్ టేక్ రెస్ట్" అంటారు. మీ క్లయింట్లు ఎక్కడివాళ్ళో చూసుకోండి, రెండూ కరెక్టే. డీఎస్సీకి చదివే ఒక అన్న మా బ్యాచ్‌లో ఉన్నాడు, ఆయనకి లెస్ట్ ("అలా జరుగుతుందేమోనని" అనే అర్థం) మీద పట్టుదల, బిట్ పేపర్లలో లెస్ట్ కనబడితే షుడ్ పెట్టేయమని ఎక్కడో చెప్పారట. సర్ ఓపిగ్గా "పరీక్షలో షుడ్ పెట్టు నాన్నా, మార్కు వస్తుంది. కానీ లెస్ట్ హి ఫెయిల్ అని ఎక్కడైనా చదివితే తప్పనుకోకు, అదీ సబ్‌జంక్టివే" అన్నారు. పరీక్షకి ఒకటి, భాషకి ఒకటి అని విడదీసి చెప్పే టీచర్లు దొరకడం కష్టం.

ఇప్పుడు తగ్గించిన స్టార్ గురించి. సర్‌కి ఒంట్లో బాగోక నాలుగు రోజులు రాలేదు, ఆ నాలుగు రోజులూ వేరే కుర్రాడు వచ్చాడు. ఆయన "ఇఫ్ వస్తే ఎప్పుడూ వర్, గుర్తుపెట్టుకోండి" అని రాయించేశాడు. ఇది తప్పు. "ఇఫ్ ఐ వర్ యు" కరెక్ట్, ఎందుకంటే నేను నువ్వు కాలేను, అది ఊహ. కానీ "నిన్న ఆయన ఆఫీసులో ఉంటే మెయిల్ చూసే ఉంటాడు" అన్నప్పుడు ఉన్నాడో లేడో మనకి తెలీదు అంతే, ఉండి ఉండొచ్చు, అక్కడ "ఇఫ్ హి వాజ్ ఇన్ ద ఆఫీస్ యెస్టర్‌డే" అనే అనాలి. అక్కడ వర్ పెడితే ఎక్కువ చదువుకున్నట్టు కాదు, తప్పు రాసినట్టు. పైగా మామూలు మాటల్లో "ఇఫ్ ఐ వాజ్ యు" అని ఇంగ్లీష్ వాళ్ళే చాలామంది అంటారు, రాతలోనూ పరీక్షలోనూ వర్ పెట్టడం మంచిది అని చెప్పి వదిలేయాలి. సర్ తిరిగొచ్చాక మేం అడిగితే సరిచేశారు, కానీ ఈలోపు డ్రాప్ అయిపోయిన ఇద్దరు ముగ్గురు ఆ రూల్‌తోనే వెళ్ళిపోయారు కదా, వాళ్ళ సంగతి తలుచుకుంటే బాధగా ఉంది.

ప్రింటెడ్ మెటీరియల్ అంత బాగోలేదు. జిరాక్స్ మీద జిరాక్స్, కొన్ని పేజీల్లో ఆన్సర్లే తప్పు. సజెస్ట్ పేజీలో "ఐ సజెస్ట్ యు టు టేక్ రెస్ట్" అని ఉంది, సర్ బోర్డు మీద కొట్టేసి చూపించిన తప్పే అది! ఆ పేజీ మార్చమని రెండుసార్లు చెప్పాం, చేస్తాం అన్నారు, నేను కోర్సు అయిపోయి వచ్చేదాకా చేయలేదు. సర్ పాఠం వేలు చేస్తుంది, ఆ పుస్తకం మాత్రం వంద కూడా చేయదు. సొంతంగా నోట్స్ రాసుకోండి.

బ్యాచ్‌లో మేం 30 మందికి పైనే ఉన్నాం, మాట్లాడే ఛాన్స్ వారానికి ఒకసారి వస్తే గొప్ప. శనివారం టెస్టులన్నీ ఖాళీలు పూరించడమే. ఖాళీ పూరించడం వేరు, ఎదురుగా మనిషి అడిగితే నోట్లోంచి "ఐ వుడ్ హావ్" రావడం వేరు. వినడం అయితే అస్సలు చేయించలేదు, అది పెద్ద లోపం. కాల్‌లో ఎవరూ "ఐ వుడ్ హావ్" అని విడివిడిగా అనరు, "ఐడావ్" అని మింగేస్తారు. ఇంకో చిక్కు, ఆ "ఐడ్" అన్నది ఐ హాడ్ కూడా కావచ్చు, ఐ వుడ్ కూడా కావచ్చు, తర్వాత వచ్చే క్రియని బట్టి పట్టుకోవాలి: "ఐడ్ గో" అంటే వుడ్, "ఐడ్ గాన్" అంటే హాడ్. ఇది నేను ఆఫీసులో పాత కాల్ రికార్డింగులు వింటూ సొంతంగా నేర్చుకున్నా. "వుడ్ హావ్" చెవికి "వుడ్ ఆఫ్" లాగా వినబడుతుంది, ఇంగ్లీష్ పుట్టుభాష అయిన వాళ్ళే కొందరు అలా రాసేస్తారు, మీరు రాయకండి.

రికార్డెడ్ వీడియోలు అని ఇంకో 1,500 అడుగుతారు. తీసుకున్నా. అవసరం లేదు. పాత బ్యాచ్ వీడియోలు, బోర్డు సరిగ్గా కనబడదు.

ఐఈఎల్‌టీఎస్ కోసం వెళ్దామనుకునేవాళ్ళకి ఒక మాట. అందులో రైటింగ్‌కీ స్పీకింగ్‌కీ చూసే 4 అంశాల్లో గ్రామర్ ఒకటి, అంటే పావు వంతు, పైగా తప్పుల్లేకుండా రాయడం ఒక్కటే చూడరు, రకరకాల వాక్యాలు వాడుతున్నామా అని కూడా చూస్తారు. కాబట్టి "హాడ్ ఐ నోన్" (నాకు తెలిసి ఉంటే), "షుడ్ యు నీడ్" (మీకు అవసరమైతే) లాంటి ఇఫ్ లేని ఇఫ్ వాక్యాలు నేర్చుకుంటే మంచిదే, ఈ క్లాస్‌లో అవి బాగా చెప్పారు. కానీ ఎస్సే రాయించి దిద్దరు, దానికి వేరే చోట చూసుకోవాలి. మామూలు మాటల్లో హాడ్ ఐ నోన్ అంటే మరీ ఉపన్యాసంలా ఉంటుంది, సర్ కూడా అదే అన్నారు, ఇంట్లో వాళ్ళతో ఇఫ్ పెట్టే మాట్లాడమని.

నా వరకు ఫలితం చెప్తా. పోయిన నెల మళ్ళీ అలాంటి పరిస్థితే వచ్చింది, వేరే క్లయింట్, ఫైల్ ఆలస్యంగా పంపి మాకు ఆలస్యమైందని అడిగారు. ఈసారి రాశా: "హాడ్ వి రిసీవ్డ్ ద ఫైల్ బై మండే, వి వుడ్ హావ్ సబ్‌మిటెడ్ ద క్లెయిమ్ ఆన్ వెన్స్‌డే. ఇఫ్ యు సెండ్ ఇట్ టుడే, వి విల్ సబ్‌మిట్ ఇట్ టుమారో." ఒక వాక్యం అయిపోయిన దాని గురించి, ఒకటి ఇంకా చేతిలో ఉన్న దాని గురించి. అరగంటలో ఫైల్ వచ్చింది, సారీ కూడా వచ్చింది. ఆ మెయిల్ ప్రింట్ తీసుకుని సర్‌కి చూపించడానికి వెళ్ళా, ఒక స్వీట్ బాక్స్ పట్టుకుని.

చేరేవాళ్ళకి: మూడో అంతస్తు, లిఫ్ట్ ఎక్కువసార్లు పనిచేయదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు చూసుకోండి. ముందు రెండు వరసల్లో కూర్చోండి, వెనక ఏసీ చప్పుడుకి సర్ గొంతు వినబడదు. డెమో రెండు రోజులు ఫ్రీ. ఇక్కడైనా, అమీర్‌పేట్‌లో ఇంకెక్కడైనా, దిల్‌సుఖ్‌నగర్‌లో అయినా, డెమో రోజునే చెయ్యెత్తి "సర్, ఇఫ్ తర్వాత ఎప్పుడూ వర్ వస్తుందా?" అని అడగండి. వెంటనే అవును అంటే చెప్పులేసుకుని వచ్చేయండి. "ఏ వాక్యంలోనమ్మా?" అని తిరిగి అడిగితే ఫీజు కట్టేయండి.